మొద్దులు పీకుతుంటే బ్యాక్‌హో వేడెక్కుతోంది, డోజర్ తెప్పించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఏళ్ళ తరబడి సాగు లేక పొదలు, ముళ్ళకంప, మధ్య మధ్యలో పెద్ద చెట్లు పెరిగిపోయిన 12 ఎకరాల నేల మీకు ఉంది. శుభ్రం చేద్దామని సెకండ్ హ్యాండ్‌లో ఒక బ్యాక్‌హో లోడర్ (ముందు వెడల్పు బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉండే బండి, మనవాళ్ళు జేసీబీ అనేది) కొన్నారు. మామూలు తవ్వకంలో బాగానే ఉంటోంది, మొద్దుల మీదకి వెళ్తే మాత్రం అరగంట, ముప్పావుగంటకే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేస్తోంది. ఇంజన్ పోయిందేమోనని టెన్షన్ పడుతున్నారు, ఈ బండిని పక్కన పెట్టి డోజర్ (ముందున్న పెద్ద బ్లేడుతో నెట్టుకుపోయే చైన్ బండి) అద్దెకి తేవాలా అంటున్నారు.

సూటిగా చెప్తాను. డోజర్ అక్కర్లేదు, ఇంజన్ కూడా బహుశా పోయి ఉండదు. ఈ పనిలో నేను చూసిన ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటికి కారణాలు రెండే: రేడియేటర్ పొరల మధ్య చెత్త ఇరుక్కుని గాలి ఆడకపోవడం, కదలని మొద్దు మీద బండి బలమంతా పెట్టి లివర్ అలాగే పట్టుకుని కూర్చోవడం. మెకానిక్ చేత ఇంజన్ హెడ్ విప్పించే ముందు రేడియేటర్ శుభ్రం చేయించండి, మొద్దు పీకే పద్ధతి మార్చండి. ఈ రెండూ అయ్యాక కూడా ముల్లు ఎక్కితే అప్పుడు ఇంజన్ సంగతి చూడొచ్చు.

మట్టి తవ్వే పనికీ పొదలు తీసే పనికీ తేడా ఇక్కడే ఉంది. మట్టిపనిలో లేచేది దుమ్ము ఒక్కటే. పొదల్లో దుమ్ముతో పాటు ఎండుటాకుల పొడి, గడ్డి గింజలు, సన్నటి నూగు లేస్తాయి, ఫ్యాన్ వాటన్నిటినీ లోపలికి లాగుతుంది. ముందు జాలీ వెనక ఉండేది ఒక్క రేడియేటరే అనుకుంటాం గానీ చాలా బండ్లలో అక్కడ ఇంజన్ నీళ్ళకి ఒకటి, గేర్‌బాక్స్ ఆయిల్‌కి ఒకటి, హైడ్రాలిక్ ఆయిల్‌కి ఒకటి, ఏసీ ఉంటే దానికి ఇంకొకటి, ఇలా కూలర్లు ఒకదాని ముందు ఒకటి గానీ పక్కపక్కన గానీ బిగించి ఉంటాయి. ముందు నుంచి టార్చి వేసి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. రెండు కూలర్ల మధ్య సందులో మాత్రం చెత్త, ఆయిల్ జిడ్డు, దుమ్ము కలిసి దళసరిగా పేరుకుని ఉంటాయి. అందుకే "రేడియేటర్ కడిగించాం సార్, అయినా వేడెక్కుతోంది" అనేవాళ్ళని నేను అడిగే మొదటి ప్రశ్న, కూలర్లు విడదీసి కడిగారా లేదా అని.

బోల్టులు తీసి కూలర్లని కాస్త జరిపి మధ్యలోకి చోటు చేసుకోండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ లాగే దిశకి ఎదురుగా, అంటే మీ బండిలో ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి లోపలికి కొడితే చెత్త ఇంకా లోతుకి దిగుతుంది. ప్రెషర్ వాషర్‌ని దగ్గరగా పెట్టి ఏటవాలుగా కొడితే కూలర్ రేకులు మడతపడిపోతాయి, ఆ తర్వాత ఎంత కడిగినా అక్కడ గాలి ఆడదు. కాస్త దూరంగా, రేకులకి నిటారుగా, తక్కువ ఒత్తిడితో కొట్టండి. పొదల పని నడిచినన్నాళ్ళు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంజన్ ఆపి గాలి కొట్టుకోవడం అలవాటు చేసుకోండి. జాలీ ముందు సన్న కన్నాల మెష్ కట్టేవాళ్ళు ఉన్నారు. మంచిదే, కాకపోతే అది త్వరగా మూసుకుపోతుంది, దాన్ని దులిపే మనిషి పక్కన ఉంటేనే కట్టండి, లేకపోతే మెష్ వల్లే బండి వేడెక్కుతుంది.

ఇక రెండో కారణం. అనుభవం ఉన్న ఆపరేటర్లు కూడా చాలామంది దీన్ని పట్టించుకోరు. బకెట్ వేరు కింద పెట్టి లాగుతున్నారు, వేరు రావడం లేదు, బకెట్ ఆగిపోయింది, ఇంజన్ మూలుగుతోంది. ఆ సమయంలో హైడ్రాలిక్ పంపు తోసే ఆయిల్‌కి సిలిండర్‌లోకి వెళ్ళే దారి లేదు కాబట్టి, ఒత్తిడి హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని అదంతా తిరిగి ట్యాంకులో పడుతుంది. 200 బార్ పైన ఉన్న ఒత్తిడి ఆ వాల్వ్ దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది, ఆ శక్తి అంతా వేడిగా మారి ఆయిల్‌లోకే చేరుతుంది. డీజిల్ కాలింది, మొద్దు కదల్లేదు, ఆయిల్ మాత్రం కాగింది. ముందు బకెట్‌తో మొద్దుని నెట్టేటప్పుడూ ఇదే జరుగుతుంది. చక్రాలు కదలకుండా యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లోపల ఆయిల్ ఊరికే చిలికినట్టయి వేడెక్కుతుంది, ఆ వేడిని కూడా మోయాల్సింది అదే కూలర్ల వరుస, అదే ఫ్యాన్ గాలి. మీ బండి తవ్వకంలో బాగుండి మొద్దుల దగ్గరే వేడెక్కడానికి ఇదే కారణమని నాకు గట్టిగా అనిపిస్తోంది. బకెట్ ఆగిపోతే రెండు మూడు సెకన్లకి మించి లివర్ పట్టుకోకండి. వదిలేసి చోటు మార్చండి, ఇంకో వేరు కొట్టి మళ్ళీ రండి.

వీటితో పాటు చిన్నవి కొన్ని చూసుకోవాలి. ఫ్యాన్ బెల్టు వదులైందా, కూలెంట్ రోజూ తగ్గుతోందా, రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయిందా. మూత అంటే చాలామందికి లెక్కే ఉండదు, కానీ అది లోపల ఒత్తిడి నిలబెట్టడం వల్లే కూలెంట్ త్వరగా మరగకుండా ఉంటుంది. పాత యజమాని ఉత్త నీళ్ళు పోసి నడిపి ఉంటే లోపల పొలుసు కట్టి ఉంటుంది, ఒకసారి ఫ్లష్ చేయించి సగం కూలెంట్, సగం శుద్ధమైన నీళ్ళు పోయండి. థర్మోస్టాట్ తీసిపారేస్తే వేడి తగ్గుతుందని ఎవరైనా చెప్తే వినకండి. పైపుల్లో గానీ రేడియేటర్ కింద గానీ ఎక్కడా లీకు కనిపించకుండా కూలెంట్ తగ్గుతూ, ట్యాంకులో బుడగలు వస్తుంటే మాత్రం అది హెడ్ గ్యాస్కెట్ పని కావచ్చు, అప్పుడు మెకానిక్‌ని పిలవండి. ముల్లు పైకి వెళ్తే వెంటనే ఇంజన్ ఆపేయకండి, లోడ్ తీసేసి ఐడిల్‌లో తిరగనివ్వండి, ఫ్యాన్ వేడిని లాగేస్తుంది. కూలెంట్ కారిపోయినట్టు కనిపిస్తేనే వెంటనే ఆపాలి. వేడి మీద మూత తీయకూడదని మీకు తెలిసే ఉంటుంది, పక్కన ఉండే కుర్రాడికి కూడా చెప్పండి.

ఇప్పుడు మొద్దు పీకడం. మీ చేతిలో ఉన్నది ఏడెనిమిది టన్నుల బండి. దాన్ని బలంతో కాదు, వరసతో వాడాలి.

చెట్టుని నేలమట్టంగా కోసేసి తర్వాత మొద్దు పీకుదామనుకుంటారు చాలామంది. అలా చేస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. నాలుగైదు అడుగుల మొద్దు ఉంచి పైన కోయించండి, ఆ మిగిలిన ముక్కే మీకు మీటకోల. బండి వెనక భాగం మొద్దు వైపు ఉండేలా పెట్టి రెండు స్టెబిలైజర్లు (బండిని కదలకుండా నిలబెట్టే వెనక కాళ్ళు), ముందు బకెట్ గట్టినేల మీద దించండి. మొద్దు ఎక్కడ ఉండాలంటే, బండి వెనక చెయ్యి పూర్తిగా చాపితే అందేంత దూరంలో కాదు, దాదాపు సగం దూరంలో. చెయ్యి బారుగా చాపినప్పుడు బకెట్‌కి బలం చాలా తక్కువ, బూమ్‌కీ (చెయ్యిలో బండి వైపు ముక్క) డిప్పర్‌కీ (బకెట్ వైపు ముక్క) మధ్య దాదాపు లంబకోణం ఉన్నప్పుడు ఎక్కువ. తర్వాత మొద్దుకి ఆనుకుని కాకుండా కొంచెం ఎడంగా, వేళ్ళు సన్నబడే చోట, మూడు వైపులా కాలవ తవ్వుతూ పక్కవేళ్ళు ఒక్కొక్కటీ తెంపుకుంటూ రండి. వెడల్పు బకెట్ కన్నా సన్న బకెట్ దీనికి నయం, రిప్పర్ పన్ను (బకెట్ బదులు బిగించే ఒంటి ఇనప కోర) దొరికితే ఇంకా మంచిది. పక్కవేళ్ళు పోయాక మొద్దు పైభాగాన్ని మెల్లగా అటూ ఇటూ ఊపండి, ఎలా కదులుతోందో చూస్తే కింద ఇంకా పట్టుకుని ఉన్న వేరు ఎక్కడుందో తెలుస్తుంది. అది తెంపి, నాలుగో వైపు నుంచి కింద బకెట్ పెట్టి పైకి తిప్పితే వస్తుంది. ఇదంతా చూడటానికి ఆలస్యంగా అనిపిస్తుంది, కానీ ఒక మొద్దుతో గంట కుస్తీ పట్టి ఒక హోస్ పైపు పగలగొట్టుకున్న వాడి కన్నా ముందే మీ పని అయిపోతుంది.

చేయకూడని పని ఒకటుంది, దాన్ని విడిగా చెప్పాలి. బకెట్‌తో మొద్దుని పక్కవాటుగా కొట్టడం. చెయ్యిని కుడికీ ఎడమకీ తిప్పే సిలిండర్లు, వాటి మధ్యలోని కింగ్‌పోస్ట్ (చెయ్యి పక్కలకి తిరిగే కీలు) పిన్నులు ఆ దెబ్బల కోసం చేసినవి కావు. సెకండ్ హ్యాండ్ బండ్లలో వెనక చెయ్యి లొడలొడలాడుతుంటే ఎక్కువసార్లు కారణం ఇదే. మీ బండిలో కూడా ఒకసారి చూడండి, బకెట్‌ని నేల నుంచి కాస్త ఎత్తి, ఇంజన్ ఆపేసి, ఒక మనిషి చేత పక్కకి ఊపించండి, ఎంత ఆడుతోందో కనిపిస్తుంది.

పెద్ద చెట్లని ఈ బండితో నిలువునా నెట్టకండి. నెట్టేటప్పుడు ఎండు కొమ్మ విరిగి క్యాబిన్ మీద పడొచ్చు, మీ క్యాబిన్ పైకప్పు దాన్ని ఆపేలా కట్టినదో కాదో చూసుకోవాలి. ఇంకో ప్రమాదం చాలామందికి తట్టదు. చెట్టు అటు ఒరుగుతుంటే ఇటువైపు వేళ్ళ దిమ్మ నేలలోంచి లేస్తుంది, ముందు చక్రాలు దాని మీద ఉంటే బండిని కూడా లేపేస్తుంది. దిమ్మ లేవడం మొదలవగానే వెనక్కి రావాలి. అలాంటి చెట్లు పది పదిహేను ఉంటే రంపం వాళ్ళతో ముందు కోయించేసి, ఆ మొద్దుల కోసం మాత్రం 20 టన్నుల చైన్ ఎక్స్‌కవేటర్‌ని ఆపరేటర్‌తో సహా రెండు మూడు రోజులు అద్దెకి తెండి. డోజర్ డబ్బు దాని మీద పెట్టండి. కొన్ని చెట్లకి నరికే ముందు అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది, అదీ ముందే కనుక్కోండి.

డోజర్ వద్దని ఎందుకంటున్నానంటే, తప్పంతా దాని బ్లేడుది. మామూలు బ్లేడుతో పొదలు నెడితే పొదలతో పాటు పైమట్టి కూడా పోతుంది. నేల సత్తువ ఎక్కువగా ఉండేది పైన ఉన్న 15–20 సెంటీమీటర్ల మట్టిలోనే. నన్ను సలహాకి పిలిచిన ఒక పొలంలో అలాగే బ్లేడు వేసి రెండు రోజుల్లో అద్దంలా చేసేశారు, చూడటానికి భలే ఉంది. తర్వాత వేసిన పంట పొలం మధ్యలో పాలిపోయింది, అంచున చెత్త కుప్పలు పోసిన గట్టు వెంట మాత్రం గడ్డి నిండుగా లేచింది. సత్తువంతా కుప్పల్లోకి వెళ్ళిపోయింది మరి. వందల ఎకరాలు, ఒకేరకం పొదలు ఉంటే డోజర్‌కే లాభం ఉంటుంది, కానీ అప్పుడు కూడా బ్లేడు బదులు రూట్ రేక్ పెట్టించుకోవాలి. దాని పళ్ళ మధ్య నుంచి మట్టి కిందే రాలిపోతుంది, వేళ్ళు మాత్రమే ముందుకి వెళ్తాయి.

మీరు పీకిన మొద్దుల విషయంలో కూడా ఇదే గుర్తుపెట్టుకోండి. పైకి లేపి ఒకటి రెండుసార్లు కింద పడేస్తే చాలా మట్టి రాలుతుంది. మిగిలినది రాలాలంటే వేళ్ళు పైకి ఉండేలా బోర్లించి కొన్ని వారాలు ఎండనివ్వండి, ఆ తర్వాతే కుప్ప వేయండి. మట్టితో కలిసిన కుప్ప సరిగా కాలదు, వారాల తరబడి లోపల రాజుకుంటూనే ఉంటుంది, గాలి వచ్చిన రోజు పక్క పొలానికి పాకుతుంది. వాలు నేల అయితే కుప్పలు వాలుకి అడ్డంగా, ఎత్తు సమానంగా ఉండే గీత వెంట వేయండి, వాన నీళ్ళ జోరు కాస్త తగ్గుతుంది. వాగులోకి, కాలవలోకి నెట్టొద్దు.

తేమ విషయం. నేల పూర్తిగా ఎండి ఉంటే వేళ్ళు రావు, బురదగా ఉంటే చక్రాల కింద మట్టి అణిగిపోయి గట్టిపడుతుంది. ఒక జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కండి, ముద్ద కట్టి వేలితో తాకితే పొడిపొడిగా విరిగితే పనికి సరైన సమయం. విరగకుండా సాగుతుంటే ఇంకొన్ని రోజులు ఆగండి. మట్టి అణగడంలో ఎక్కువ భాగం చక్రం మొదటిసారి వెళ్ళినప్పుడే జరిగిపోతుంది, అందుకని పొలమంతా తిరగకుండా బండికి కొన్ని దారులు గీసి వాటి మీదే తిప్పండి. గుంతలు పూడ్చేటప్పుడు ఒకేసారి మట్టి నింపి వెళ్ళిపోతే మొదటి వానకి కుంగుతుంది, ఒక అడుగు చొప్పున పోసి బకెట్‌తో అదుముతూ, చివర్లో నేల కన్నా కాస్త ఎత్తుగా వదలండి. ముళ్ళపొదలు చాలావరకు వేరు మొదలు దగ్గర్నుంచి మళ్ళీ చిగురిస్తాయి. పైన కొట్టి వదిలేస్తే ఒక కొమ్మకి పది కొమ్మలు లేస్తాయి కాబట్టి వేరు మొదలుతో సహా రావాలి. ఏటవాలుగా కోసి వదిలిన మోళ్ళు టైర్లని చీరేస్తాయి, అది ఇంకో కారణం.

బండి దించే ముందు పొలమంతా కాలినడకన తిరగండి. పొదల్లో పూడిపోని పాత బావులు, గుంతలు, భూమిలో పైపులు, కేబుళ్ళు ఉండొచ్చు, కనిపించిన చోటల్లా కర్ర పాతి రంగు గుడ్డ కట్టండి. కరెంటు తీగల కింద మొద్దులు పీకొద్దు, హై వోల్టేజ్ అయితే తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్ళినా దూకుతుంది. ఒకవేళ తగిలితే క్యాబిన్‌లోనే ఉండి ఎవ్వరినీ దగ్గరికి రానివ్వకండి, లైన్ ఆపించండి. బండి అంటుకుంటే తప్ప దిగొద్దు, దిగాల్సి వస్తే బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ కలిపి దూకి, అలాగే చిన్న గెంతులతో దూరంగా వెళ్ళాలి.

పాత కంచె తీగల గురించి వేరే చెప్పాలి. గడ్డిలో కలిసిపోయిన ముళ్ళతీగ యాక్సిల్‌కి చుట్టుకుంటే ఎవరికీ కనిపించదు, రోజులు గడిచే కొద్దీ బిగుసుకుని ఆయిల్ సీల్‌ని కోసేస్తుంది. నేను చూసిన ఒక బండిలో హబ్ ఆయిల్ అంతా కారిపోయి బేరింగులు అరిగాక గానీ విషయం బయటపడలేదు. సాయంత్రం బండి కింద ఒకసారి తొంగి చూసి ఉంటే కట్టరుతో తీసేసే పని అది.

రోజువారీ మెయింటెనెన్స్‌లో నేను దేనికి ఎక్కువ విలువ ఇస్తానంటే, గ్రీజు. మాన్యువల్‌లో 10 గంటలకి ఒకసారి అని ఉంటుంది, ఈ పనిలో బకెట్ పిన్నులకి మధ్యాహ్నం ఇంకోసారి కొట్టండి. సాయంత్రం పని ఆపగానే, పిన్నులు వేడిగా ఉన్నప్పుడే కొడితే లోపలి మట్టిని బయటికి నెట్టేస్తుంది. నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న ముక్కు) తుడిచి కొట్టండి, లేకపోతే మట్టిని మీరే లోపలికి ఎక్కిస్తారు. ఎయిర్ ఫిల్టర్‌ని రోజూ విప్పి కొట్టడం మంచి అలవాటు అనుకుంటారు, కాదు, విప్పిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి పోతుంది. ఫిల్టర్ మూసుకుపోయిందని చూపే ఇండికేటర్ ఎర్రగా అయినప్పుడే తీసి, బయటి ఫిల్టర్‌ని లోపలి నుంచి బయటికి 30 పీఎస్ఐ మించకుండా గాలి కొట్టండి. లోపలి చిన్న ఫిల్టర్‌కి గాలి కొట్టకూడదు, మార్చడమే. ఇంజన్ ఆయిల్ క్యాలెండర్ చూసి కాదు, గంటల మీటర్ చూసి మార్చండి. మాన్యువల్‌లో ఎన్ని గంటలని ఉంటే అంతకి మించనివ్వకండి, ఈ దుమ్ములో ఇంకాస్త ముందే మారిస్తే మంచిది. డీజిల్ సాయంత్రమే నింపితే రాత్రి ట్యాంకులో చెమ్మ పట్టదు, ఉదయం వాటర్ సెపరేటర్ నుంచి నీళ్ళు వదలండి. టర్బో ఉంటే ఆపే ముందు మూడు నాలుగు నిమిషాలు ఐడిల్.

హోస్ పైపులో సన్నగా లీకు ఉందనిపిస్తే చేత్తో తడమొద్దు. అట్టముక్క పెట్టి చూడండి. ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మంలోంచి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా లోపల కండ కుళ్ళిపోవచ్చు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళి హైడ్రాలిక్ ఆయిల్ అని చెప్పాలి.

పొదల పనిలో బండ్లు కాలిపోవడం కొత్తేమీ కాదు. ఎండుటాకులు బానెట్ లోపల సైలెన్సర్ పక్కన, టర్బో పక్కన, కింద బెల్లీ ప్లేట్ మీద పేరుకుంటాయి, వాటి మీద ఒక ఆయిల్ చుక్క పడితే చాలు. రోజూ ఆ చెత్త తీయించండి, క్యాబిన్‌లో మంటలార్పే సిలిండర్ ఒకటి, చేతికందే దూరంలో బయట ఇంకోటి పెట్టండి, సాయంత్రం బండిని గడ్డి లేని చోట ఆపి, అరగంట తర్వాత ఒకసారి పొగ వాసన చూసి ఇంటికి వెళ్ళండి.

ముందు కూలర్లు విడదీసి కడిగించి, పైన చెప్పిన పద్ధతిలో ఒక పూట మొద్దులు పీకి చూడండి. ముల్లు ఎక్కడ నిలిచిందో, కూలెంట్ తగ్గిందో లేదో, గంటల మీటర్ ఎంత చూపిస్తోందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి పంపు సంగతి చూడాలో ఇంజన్ సంగతి చూడాలో చెప్తాను.